లఘువులు కరువైన భాషలో పద్యం: క్లింగాన్ వ్యాకరణం, అనువాదం

అంతరిక్ష కథల ‘స్టార్ ట్రెక్’ చిత్రాల వరసలో ఆరోది 1991లో విడుదలైంది. అందులో ఒక విందు సన్నివేశంలో, క్లింగాన్ అనే కల్పిత గ్రహాంతర యోధజాతి సేనాని, షేక్‌స్పియర్ నాటకంలోని హామ్లెట్ స్వగతపు తొలి మాటలను, అంటే ‘ఉండడమా, లేకపోవడమా’ అన్న సంశయాన్ని, తన సొంత భాషలో పలకాలి. ఆ మాటలను సమకూర్చవలసిన భాషావేత్త మార్క్ ఓక్రాండ్‌కు వచ్చిన చిక్కు తాను తెచ్చిపెట్టుకున్నదే. క్లింగాన్‌ను రూపొందించినప్పుడు ‘ఉండు’, ‘అగు’ అన్న అర్థాల క్రియ ఆ భాషలో లేకుండా ఆయనే చేశాడు. ‘బతుకు’ అనే అర్థమున్న ‘యిన్’ ధాతువుతో మొదట ‘యిన్ పఘ్ యిన్‌బె’’ అని రాసిచ్చాడు. సేనాని పాత్రధారి క్రిస్టఫర్ ప్లమర్‌కు ఆ పలుకులో పదును కనిపించలేదు. అప్పుడు ఓక్రాండ్, పని కొనసాగుతున్నదని చెప్పడానికి క్రియ చివర చేర్చే ‘-తహ్’ అనే ప్రత్యయాన్నే విడిగా తీసి, ‘కొనసాగు, నిలిచి ఉండు’ అనే క్రియగా నిలబెట్టాడు. ‘తహ్ పఘ్ తహ్‌బె’’ అన్న మాట అలా పుట్టింది. నటుడి నాలుకకు నచ్చకపోవడం వల్ల ఒక భాషకు కొత్త ధాతువు రావడం సహజ భాషల చరిత్రలో అంత సులభంగా దొరికే సంఘటన కాదు.

అదే చిత్రంలో, షేక్‌స్పియర్‌ను మూల క్లింగాన్‌లో చదివితే తప్ప ఆ రుచి తెలియదని మరో పాత్ర అంటుంది. ఆ చమత్కారాన్ని కొందరు పనిగా స్వీకరించారు. 1992లో అమెరికాలో ఏర్పడిన క్లింగాన్ భాషా సంస్థ ఆధ్వర్యంలో నిక్ నికొలస్, ఆండ్రూ స్ట్రాడర్ హామ్లెట్‌ను మొత్తంగా అనువదించగా 1996లో అది పుస్తకంగా వచ్చింది. ఇంగ్లీషు పాఠమే నకలని, క్లింగాన్ పాఠమే అసలని నటించే పీఠిక ఆ పుస్తకానికి ఉంది. నటన సంగతి ఎలా ఉన్నా, అనువాదం మాత్రం గట్టిపని. ఓక్రాండ్ 1985లో ప్రచురించి, 1992లో విస్తరించిన నిఘంటువుకు కట్టుబడి, అందులో లేని మాటను సొంతంగా కల్పించకుండా పద్యం నడపాలన్నది అనువాదకులు పెట్టుకున్న షరతు. కొత్త మాటకు ఆమోదముద్ర ఓక్రాండ్ ఒక్కడి నుంచే రావాలని క్లింగాన్ రాసేవారు ఈనాటికీ పాటిస్తున్నారు.

ఆ స్వగతంలోని తొలి పంక్తులను విప్పి చూస్తే ఈ వ్యాకరణం ఎలా పనిచేస్తుందో, పద్యాన్ని ఎక్కడ ఆదుకుంటుందో, ఎక్కడ అడ్డుపడుతుందో తేటపడుతుంది. దిగువ క్లింగాన్ మాటలన్నీ తెలుగు లిపిలోనే ఉన్నాయి. ’ గుర్తు గొంతు బిగించి ఊపిరిని ఆపే హల్లు. పొల్లు ‘హ్’ గొంతు వెనక గరగరలాడే ధ్వని. నాలుక మొదలుతో పుట్టే రెండు ధ్వనులలో తేలికదానికి ‘క’, బరువైనదానికి ‘ఖ’ వాడుకున్నాం. ‘డ’, ‘ష’ మాత్రం ఇంగ్లీషువాళ్లు కష్టపడి నేర్చుకునే మూర్ధన్యాలు, అంటే నాలుక కొన వెనక్కి మడిచి పలికేవి. తెలుగువారికి అవి పుట్టుకతో వచ్చినవే.

తహ్ పఘ్ తహ్‌బె’. డహ్ ము’త్లెఘ్‌వమ్ వికెల్‌నిష్.
కువ్’అ’, యబ్‌డక్ షన్ వఖ్ చ, పు’ జె షిఖ్‌డి’?
పఘ్, షెఙ్ బిఖ్’అ’హెయ్ షువ్‌మెహ్ నుహ్‌మెయ్ షుక్‌డి’,
’ఎజ్, షువ్‌మొ’, రిన్‌మొహ్‌డి’?

మాటకు మాటగా దీని తాత్పర్యం ఇది: కొనసాగుతాడు, లేదా కొనసాగడు. ఇప్పుడు ఈ వాక్యాన్ని నేను పరిశీలించాలి. దూకుడు విధి విసిరే టార్పెడోలను, ఫేజర్లను (ఆ చిత్రాల్లోని కిరణాయుధాలను) మనసులో సహించినప్పుడు గౌరవనీయుడేనా? లేక, కష్టాల సముద్రంలా తోచేదానితో పోరాడేందుకు ఆయుధాలు సంపాదించి, పోరాడినందువల్ల దాన్ని ముగించినప్పుడా?

ఇంగ్లీషు మూలంలో తొలి మాట ఏ పురుషకూ చెందని భావరూపం. తెలుగులో ‘ఉండడం’ అని భావార్థకం చేసుకుంటాం. క్లింగాన్‌లో అటువంటి రూపానికి చోటు బహు తక్కువ. క్రియను నామంగా మార్చే ‘-ఘచ్’ ప్రత్యయం ఉన్నా, అది సాధారణంగా మరో ప్రత్యయం తగిలించుకున్న క్రియకే చేరుతుంది. అందుచేత ‘తహ్’ ఇక్కడ ప్రథమపురుష క్రియగానే మిగిలింది. కర్త ఎవరో చెప్పలేదు. తాత్త్విక ప్రశ్న కాస్తా ఎవరో ఒకడి గురించిన వార్తగా మారినట్టయింది. పైగా రెండు వాక్యాలను ‘ఇదో, అదో’ అని విడదీసే ‘పఘ్’ అన్న మాటకు ‘సున్న, శూన్యం’ అనే అర్థం కూడా ఉంది. ఉనికికీ లేమికీ నడుమ నిలిచిన మాటే శూన్యం కావడం అనువాదకుడు వెదికి పెట్టింది కాదు, భాష దానంతట అది ఇచ్చినది.

‘ము’త్లెఘ్’ అంటే వాక్యం. ‘ము’’ అంటే మాట, ‘త్లెఘ్’ అంటే తాడు, మాటల తాడన్నమాట. మూలంలోని ‘ప్రశ్న’ ఈ పంక్తిలో ‘ఈ వాక్యం’ అయింది. తర్వాతి క్రియ ‘వికెల్‌నిష్’లో ‘కెల్’ ధాతువు, అంటే పరిశీలించు. ‘-నిష్’ తెలుగు ‘-ఆలి’కి సమానం. ముందున్న ‘వి-’ ఒక్కటే ‘నేను దాన్ని’ అనే రెండు సంగతులనూ చెబుతుంది. తెలుగు క్రియ కర్త ఎవరో మాత్రమే చెబుతుంది. ‘చూస్తాను’ అన్నప్పుడు చూసేది ఎవరినో ఆ మాటలో ఉండదు. క్లింగాన్ ఉపసర్గ కర్తనూ కర్మనూ కలిపి మోస్తుంది. ‘విలెఘ్’ అంటే అతణ్ని చూస్తాను, ‘కలెఘ్’ అంటే నిన్ను చూస్తాను, ‘ములెఘ్’ అంటే అతడు నన్ను చూస్తాడు. పద్యంలో సర్వనామాలను విడిగా రాయవలసిన అవసరం దీనివల్ల దాదాపు తప్పుతుంది.

క్రియ చివరి వైపుకు వస్తే, తెలుగు పాఠకుడికి పరాయిదేశంలో బంధువు ఎదురైనట్టుంటుంది. ప్రత్యయాలు తొమ్మిది తరగతులు. ఏ తరగతి తర్వాత ఏది రావాలో క్రమం ఖాయం. ప్రేరణ, ఆ తర్వాత సామర్థ్యం, అన్నిటికన్నా చివర ‘అయితే, అప్పుడు, కోసం’ వంటి ఉపవాక్య సంబంధం. ‘ఘొజ్’ అంటే నేర్చుకొను. ‘ఘొజ్‌మొహ్‌లహ్‌చుఘ్’ అంటే నేర్పగలిగితే. ధాతువు, ప్రేరణ, గలుగు, తే: రెండు భాషల్లోనూ అదే వరస, అదే ఒక్క మాట. ఇంగ్లీషు తల్లిభాషగా ఉన్నవాడు ఇదే అర్థానికి నాలుగైదు మాటలను వేరే వరసలో పేర్చుకుని, వాటిని తిరగేసి గొలుసు చేసుకోవాలి. తెలుగువాడికి ఆ తిరగేసే శ్రమ లేదు. ‘షిఖ్‌డి’’ సహించినప్పుడు, ‘షువ్‌మెహ్’ పోరాడేందుకు, ‘షువ్‌మొ’’ పోరాడినందువల్ల: మూడూ తెలుగులోలాగే క్రియ తోకలే.

ఈ గొలుసులో స్థానం కట్టుబడని ప్రత్యయాలు కొన్ని ఉన్నాయి. వాటిలో ‘కాదు’ అని చెప్పే ‘-బె’’ ఏ ప్రత్యయం వెనక నిలిస్తే దాన్నే ఖండిస్తుంది. ఓక్రాండ్ నిఘంటువులోని ఉదాహరణ: ‘చొహొహ్‌విప్’ అంటే నన్ను చంపడానికి భయపడుతున్నావు, ‘చొహొహ్‌విప్‌బె’’ అంటే నన్ను చంపడానికి భయపడడం లేదు, ‘చొహొహ్‌బె’విప్’ అంటే నన్ను చంపకుండా ఉండడానికి భయపడుతున్నావు. ఒక్క అక్షరం జరిగితే శత్రువు ధైర్యం పిరికితనంగా, పిరికితనం మరో రకం పిరికితనంగా మారింది. పద్యంలో ఇంత పొదుపైన పనిముట్టు దొరకడం అరుదు. దీనికి తోడు ‘-హ’’ అనే మరో వ్యతిరేకం ఉంది. అది కాదనదు, తిరగేస్తుంది. ‘యజ్‌బె’’ అంటే అర్థం చేసుకోలేదు, ‘యజ్‌హ’’ అంటే అపార్థం చేసుకున్నాడు. ‘పర్’ అంటే ఇష్టపడకపోవు. దాన్ని తిరగేసిన ‘పర్‌హ’’ ఇష్టపడు. ఇష్టమనేది అయిష్టాన్ని విప్పితే వచ్చేదని ఈ భాష అంటుంది. ప్రేమ పద్యం అనువదించేవాడు ఆ సంగతిని దాచిపెట్టలేడు.

పోలిక ఇంతవరకే. వాక్యంలో పదాల వరస దగ్గర బంధువు ముఖం తిప్పుకుంటాడు. తెలుగుది కర్త, కర్మ, క్రియ. క్లింగాన్‌ది కర్మ, క్రియ, కర్త. మనుషుల భాషల్లో అతి తక్కువ వాటికి మూలక్రమంగా ఉన్నందునే, ‘మానవేతరం’గా వినిపించాలని ఓక్రాండ్ దీన్ని ఎంచుకున్నాడు, బ్రెజిల్‌లోని హిష్కర్యానా ఈ క్రమానికి పేరుపడిన అసలు మానవ భాష. ‘పుక్ లెఘ్ యష్’ అంటే పిల్లవాణ్ని అధికారి చూస్తాడు. పదాలను తారుమారు చేసి ‘యష్ లెఘ్ పుక్’ అంటే అధికారిని పిల్లవాడు చూస్తాడు. కర్తకూ కర్మకూ విభక్తి ప్రత్యయాలు లేవు, స్థానమే విభక్తి. తెలుగు పద్యకవికి ‘ని, ను’లు ఇచ్చే స్వేచ్ఛ, యతి కోసమో ప్రాస కోసమో కర్మను పాదం చివరికీ కర్తను నడిమికీ జరుపుకునే స్వేచ్ఛ, క్లింగాన్ కవికి లేదు. జరిపితే అర్థమే తలకిందులవుతుంది. చోటును, కారణాన్ని, ఉద్దేశించిన వ్యక్తిని తెలిపే నామాలకు మాత్రం ప్రత్యయాలున్నాయి. పై పంక్తుల్లో ‘యబ్‌డక్’, అంటే మనసులో, కర్మకన్నా ముందు వచ్చి కూర్చుంది. అటువంటివి సాధారణంగా వాక్యం మొదట చేరతాయి కాబట్టి అక్కడా కవికి దొరికే చోటు ఇరుకే.

ఆ కట్టుబాటు వల్ల లాభపడే సందర్భం ఒకటుంది. తెలుగులో ‘కొట్టిన అధికారి’ అంటే కొట్టినవాడా, దెబ్బ తిన్నవాడా అన్నది సందర్భాన్ని బట్టి తేల్చుకోవలసిందే. క్లింగాన్‌లో ‘కిప్‌పు’బొఘ్ యష్’ అంటే కొట్టిన అధికారి, ‘యష్ కిప్‌పు’బొఘ్’ అంటే దెబ్బ తిన్న అధికారి. కర్త వెనక, కర్మ ముందు అన్న సూత్రమే సందేహం తీర్చింది.

ఇక అలంకారం. ‘దూకుడు విధి’ క్లింగాన్‌లో ‘షన్ వఖ్’. విశేషణమనే వర్గమే ఆ భాషలో లేదు. ‘దూకుడుగా ఉండు’ అనే క్రియ నామం తర్వాత నిలిచి విశేషణం పని చేస్తుంది. ఆ విధి విసిరేవి మూలంలో వడిసెల రాళ్లు, బాణాలు. అనువాదకుడు వాటిని టార్పెడోలుగా, ఫేజర్లుగా మార్చాడు. ఈ మార్పును వేళాకోళంగా తీసిపారేయడం సరికాదు. నిఘంటువు ఒక అంతరిక్ష సైన్యం అవసరాల చుట్టూ పెరిగింది. దాని నిండా ఉన్నవి ఆ ఆయుధాలే. చేతిలో ఉన్న ఆయుధంతోనే పద్యం యుద్ధానికి దిగింది. వ్యాకరణపు వింత మరొకటి ఇక్కడే దాగి ఉంది. ‘చ’ అంటే టార్పెడోలు. ఒక్కదాన్ని ‘పెఙ్’ అంటారు. బహువచనానికి వేరే మాటే ఉన్న ఇటువంటి నామాలను క్రియ ఏకవచనంగా చూస్తుంది. తెలుగులో ‘పాలు పొంగాయి’ అన్నప్పుడు జరిగేదానికి ఇది సరిగ్గా ఎదురు.

‘కష్టాల సముద్రం’ అన్న రూపకం మరింత ఆసక్తికరం. ‘షెఙ్’ కష్టం, ‘బిఖ్’ నీరు, దానికి మహత్వం చెప్పే ‘-’అ’’ చేరితే సముద్రం. షష్ఠీ ప్రత్యయం లేకుండా, తెలుగు వరసలోనే, ‘షెఙ్ బిఖ్’అ’’ కష్టాల సముద్రం అవుతుంది. అనువాదకుడు అక్కడితో ఆగలేదు. ‘అలా తోస్తున్నది, నిశ్చయం కాదు’ అని చెప్పే ‘-హెయ్’ ప్రత్యయాన్ని చివర తగిలించాడు. సముద్రంతో యుద్ధం చేయడమేమిటని క్లింగాన్ యోధుడు అడుగుతాడన్న జంకు కాబోలు. మన ఆలంకారికుల లెక్కలో చెబితే, షేక్‌స్పియర్‌ది రూపకం. అభేదం చెప్పి ఊరుకుంటుంది. ‘-హెయ్’ చేరగానే అది ఉత్ప్రేక్ష వైపు ఒరిగింది. ‘సముద్రమో ఏమో అన్నట్టున్న కష్టం’ అని సంభావన మొదలైంది. వ్యాకరణ ప్రత్యయం ఒకటి అలంకారాన్నే మార్చేయడం గమనించదగినది. మూలంలోని ధాటి కొంత తగ్గిందన్నదీ నిజం. ప్రత్యయం లేకుండా వదిలేసినా పద్యానికి నష్టం ఉండేది కాదేమో.

అంత్యప్రాస ఈ భాషలో వద్దన్నా వస్తుంది. కర్త సర్వనామమైతే దాన్ని వదిలేయవచ్చు. అప్పుడు వాక్యం క్రియతో, అంటే క్రియా ప్రత్యయంతో ముగుస్తుంది. ‘షిఖ్‌డి’’, ‘షుక్‌డి’’, ‘రిన్‌మొహ్‌డి’’ అని మూడు చోట్ల ‘-డి’’ మోగడం అందుకే. తెలుగులో ‘వచ్చాడు, తెచ్చాడు’ అని కలిసే ప్రాస ఎంత చవకో ఇదీ అంతే చవక. దాన్ని శిల్పంగా లెక్కించకపోవడమే న్యాయం.

శిల్పానికి అసలు పరీక్ష లయ. క్లింగాన్‌లో ఊనిక సాధారణంగా క్రియా ధాతువు మీద పడుతుంది. ’ గుర్తుతో ముగిసే ప్రత్యయం ఉంటే ఆ ఊనికను అది లాగుకోగలదు. హామ్లెట్ మూలంలోని పాదాలు ఊనికల ఆరోహణ అవరోహణల మీద నడిచేవే. అనువాదం అక్షర సంఖ్యను శ్రద్ధగా పట్టుకుంది. ప్రసిద్ధమైన తొలి పాదంలో ఇంగ్లీషున 11 అక్షరాలుంటే, క్లింగాన్‌లోనూ పై మూడు పాదాలకు పాదానికి 11 చొప్పున తేలతాయి. అయితే తెలుగు చెవికి ఇది ఎలా వినిపిస్తుందో తెలియాలంటే లఘుగురువులు పెట్టి చూడాలి. క్లింగాన్‌కు ఈ కొలబద్ద దాని సొంతమేమీ కాదు. కొలిస్తే బయటపడేది మాత్రం ఆ భాష ఎముకల గూడే.

క్లింగాన్‌లో దీర్ఘాచ్చులు లేవు. అచ్చులు అయిదే. అంచేత పొల్లు హల్లుతో మూసుకున్న అక్షరం గురువు, తెరిచి ఉన్నది లఘువు. ఇప్పుడు నిఘంటువులోని ప్రత్యయాలను వరసగా చూడాలి: ‘-తహ్’, ‘-లహ్’, ‘-చుఘ్’, ‘-బొఘ్’, ‘-మెహ్’, ‘-డి’’, ‘-నిష్’, నామాలకు చేరే ‘-మెయ్’, ‘-డక్’, ‘-వమ్’. తొమ్మిది క్రియా తరగతుల్లోనూ, అయిదు నామ తరగతుల్లోనూ అచ్చుతో ముగిసే ప్రత్యయం ఒక్కటీ కనబడదు. ధాతువులు కూడా దాదాపుగా హల్లుతో మూసుకున్న ఏకాక్షరాలే. తెలుగు అజంత భాష. ఇది దాదాపు పూర్తిగా హలంతం. లఘువులు ఎక్కడున్నాయంటే ఉపసర్గల్లో ఉన్నాయి. ‘జి-, వి-, క-, డ-, చొ-, ము-, ను-, మ-, బొ-’: కర్తకర్మలను చెప్పే ఈ చిన్న ముక్కలన్నీ అచ్చుతో ముగిసే ఏకాక్షరాలే. వాటి పక్కన ‘మరియు’ అర్థపు ‘జె’, పొద్దు అనే ‘పొ’, మనం చూసిన ‘చ’ వంటి కొద్ది మాటలు నిలుస్తాయి.

దీని ఫలితం వింతగా ఉంటుంది. ‘విలెఘ్’ లగం, ‘విలెఘ్‌లహ్’ యగణం. ‘నిన్ను చూడలేకపోతే బతకను’ అని రాయాలంటే ‘కలెఘ్‌లహ్‌బె’చుఘ్ జియిన్‌బె’’ అనాలి. రెండే మాటలు, ఒక్కో మాటకు మొదట ఒక్కో లఘువు, ఆపైన అన్నీ గురువులే. అంటే ఒక పాదంలో లఘువు వచ్చిందంటే సాధారణంగా ఒక కొత్త క్రియ మొదలైందని అర్థం. అంతేకాదు, ప్రథమపురుషకు, అంటే ‘అతడు దాన్ని’ అనేదానికి, ఉపసర్గ శూన్యం. ‘నేను’, ‘నువ్వు’ ఉన్న పద్యంలో లఘువులు దొరుకుతాయి. ‘వాడు’ మాత్రమే ఉన్న పద్యంలో అవీ కరువే. హామ్లెట్ పంక్తులు దీనికి నిలువెత్తు సాక్ష్యం. తొలి మూడు పాదాల 33 అక్షరాల్లో లఘువులు మూడే: ‘వికెల్‌నిష్’లోని ‘వి’, టార్పెడోల ‘చ’, సముచ్చయపు ‘జె’. ప్రథమపురుషలో నడిచిన మూడో పాదంలో పదకొండూ గురువులే. యుద్ధరంగంలో వాడే క్లుప్తభాషలో ఉపసర్గలను వదిలేయవచ్చని నిఘంటువు అనుమతిస్తుంది. ఆ వెసులుబాటు వాడుకున్న కవి చేతిలో ఉన్న నాలుగు లఘువులను కూడా పారేసుకున్నవాడవుతాడు.

ఉత్పలమాల పాదంలో 20 అక్షరాలకు 12 లఘువులు. నడుమ నగణం కూడా ఉంది, అంటే మూడు లఘువులు వరసగా రావాలి. ఉపసర్గ వెనకనే గురువు తప్పని భాషలో ఆ మూడింటిని పేర్చడం దాదాపు కుదరని పని. శార్దూలానికి గురువులు ఎక్కువే అయినా, 19లో లఘువులు 8. తెలుగు పద్యాన్ని దాని ఛందస్సుతో సహా క్లింగాన్‌లోకి తేవాలనుకునేవాడు ఈ లెక్క ముందుగా వేసుకోవాలి. వ్యాకరణం దగ్గర సుఖంగా నడిచిన దారి ఇక్కడ రాళ్లదారి అవుతుంది. ఇంగ్లీషు అనువాదకుడి స్థితి దీనికి సరిగ్గా తిరగేసి ఉంటుంది. గొలుసు క్రియ అతణ్ని తికమకపెడుతుంది కానీ, ఒంటి అక్షరపు మొరటు ధాతువులు అతని చెవికి కొత్తవి కావు.

ఈ భాషలో పోలిక చెప్పే పద్ధతి చూసినా ఇదే బరువు. ప్రత్యయం గానీ, తెలుగు ‘కన్నా’ వంటి మాట గానీ అక్కడ పనిచేయవు. ‘ల’ జక్ లవ్’ యష్ జక్ పుష్’ అంటారు: సేనాని సాహసం అనేకం, అధికారి సాహసం కొద్ది. అధికారికన్నా సేనాని సాహసి అని భావం. వాక్యం ముందే రెండు సమభాగాలుగా విరిగి, నడుమ విరామం పెట్టుకుని వస్తుంది. అక్షరాలు ఆరూ గురువులే, రెండు మగణాలు.

అన్నీ గురువులే ఉన్న వృత్తం మన ఛందోగ్రంథాల్లో ఉంది. విద్యున్మాల: పాదానికి రెండు మగణాలు, రెండు గురువులు, మొత్తం ఎనిమిది గురువులు, సంస్కృతంలో నాలుగో అక్షరం తర్వాత విరామం. హామ్లెట్ స్వగతపు తొలి పాదాన్ని ఆ కొలతకు పెట్టి చూడవచ్చు. ‘తహ్ పఘ్ తహ్‌బె’’ దగ్గర నాలుగు గురువులు పూర్తయి, వాక్యమే ముగుస్తుంది. ‘డహ్ ము’త్లెఘ్‌వమ్’ దగ్గర మరో నాలుగు పూర్తయి, పదం ముగుస్తుంది. విద్యున్మాల పాదం ఒకటి నిండాకనే, ‘వికెల్‌నిష్’లో తొలి లఘువు వినిపిస్తుంది.